హింసపడిన స్త్రీ – శిక్షావిధి

ఏండ్ల తరబడి భర్తచే దెబ్బలు తినిన యిల్లాలు ఒకనాడు తిరుగబడి యాతని ప్రాణము తీసినదనుకొందము. న్యాయస్థానము ఆ యొక్క దినమునే చూడవలెనా, వెనుకటి యేండ్లను గూడ చూడవలెనా?

తీవ్రముగను, హఠాత్తుగను రెచ్చగొట్టబడి నిగ్రహము కోల్పోయి చేసిన వధ హత్యానేరము క్రిందికి రాదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితయందు ఇది 101వ విభాగమున నున్నది. అప్పుడు శిక్షయు తగ్గుటకు వీలు గలుగును. చిక్కంతయు ‘హఠాత్తుగా’ అను మాటయందే యున్నది. ఇట్టి స్త్రీ కోపము గడ్డివామి మంట కాదు, నివురుగప్పిన నిప్పు. పూర్వప్రవర్తనమును గూడ గమనింపవచ్చునని 1961లో సుప్రీంకోర్టు పలికినది. దీర్ఘకాలము సాగిన రెచ్చగొట్టుటను 1989లో మద్రాసు హైకోర్టు అంగీకరించినది.

నేరము రుజువైన పిమ్మటను, శిక్షనుగూర్చి ముద్దాయి మాటను న్యాయాధిపతి వినితీరవలెను. కాని మన సీమలో ఇంటిగుట్టు బయటపెట్టరాదని పలువురు స్త్రీలు నోరు మెదపరు. ఆసుపత్రి చీటి, ఇరుగుపొరుగు సాక్ష్యము మొదటిదినముననే వకీలుకు అందవలెను. ఆదాయముతో నిమిత్తము లేక స్త్రీకి ఉచితముగా వకీలు నిచ్చుటకు 1987 నాటి చట్టము కలదు. కర్నూలు, కడపలయందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ఇందుకే యున్నవి.

2020 నవంబరులో అయిదేండ్ల శిక్ష గడచిన 53 మంది స్త్రీ జీవితఖైదీలను రాష్ట్రప్రభుత్వము విడిచిపెట్టినది. కడప మహిళా కారాగారమునుండి వెలువడినవారును అందు గలరు. అది దయ. తన కథను కోర్టులో చెప్పుకొనుట హక్కు. దయకొఱకు వేచియుండవలెను, హక్కును అడిగి పుచ్చుకొనవచ్చును.