పొర మీది సగ్గుబియ్యపు గింజలు

నెమ్ము చేరినదని మన ఇండ్లలో చెప్పుకొను వ్యాధులలో ఒకటి, ఊపిరితిత్తిని కప్పియుండు పలుచని పొరకును, పక్కటెముకల లోపలివైపు అంటియుండు పొరకును నడుమ నీరు చేరుట. సూదితో ఆ నీటిని తీసి పరీక్షించినచో చాలమందికి కారణము తెలిసిపోవును గాని, తెలియక మిగిలిపోవువారును తక్కువ కారు. తీసినకొలది నీరు మరల ఊరుచుండగా, క్షయయో క్యాన్సరో తేలక, నానాటికి బరువెక్కుచున్న కాగితముల కట్టతో వైద్యుని గది ముందు నిరీక్షించు కుటుంబపు వేదన వర్ణనాతీతము.

అట్టి తరుణమున రొమ్ములోనికి నేరుగా చూచి, అనుమానమున్న చోటనే ముక్క తీయు ప్రక్రియ థొరాకోస్కోపీ. స్వీడన్ వైద్యుడు హన్స్ క్రిస్టియన్ యాకోబియస్, మూత్రాశయమును చూచుటకు నిర్మించిన గొట్టము ఇతర కుహరములను చూచుటకును పనికివచ్చునని 1910లో లోకమునకు తెలియజేసెను. రోగిని ఒక ప్రక్కకు పరుండబెట్టి, తిమ్మిరి మందిచ్చి, పక్కటెముకల సందున చిన్న గాటు పెట్టి సాధనమును లోనికి పంపుదురు. క్షయ సోకిన పొరపై సగ్గుబియ్యపు గింజలవంటి తెల్లని బొడిపెలు వెదచల్లినట్లు కానవచ్చును.

సాధనములు రెండు విధములు. మొదటిది నిటారుగా నుండు ఉక్కు గొట్టము; దాని పటకారు పెద్దది, చేతి బలము చెక్కుచెదరక దాని కొనకు చేరును. రెండవది సగము వంగునది. దాదాపు 7 మిల్లీమీటర్ల లావు, పిడి, శ్వాసనాళములను చూచు బ్రాంకోస్కోపు పిడివంటిదే. కొన పైకి 160, క్రిందికి 130 డిగ్రీలు వంగును. ఊపిరితిత్తుల వైద్యునకు ఇది చేతికి అలవాటైన పనిముట్టు, మూలమూలలను చూపగలదు. అయితే పటకారు పోవు దారి 2.8 మిల్లీమీటర్లే యగుటచే అది తెచ్చు ముక్క చిన్నది. పొర దళసరియై గట్టిపడినచోట ఆ చిన్న కోరలు పట్టు దొరకక జారిపోవును.

చండీగఢ్‌లోని పీజీఐ వైద్య సంస్థలో 90 మంది రోగులపై ఈ రెంటిని పోల్చిచూచి 2014లో ఫలితములు ప్రకటించిరి. పాల్గొన్న వారినందరిని లెక్కించినపుడు ఉక్కు గొట్టమే మిన్నయని తేలెను. ముక్క తీయగలిగిన వారిని మాత్రమే లెక్కించినపుడు రెండును ఇంచుమించు సమానమయ్యెను. లోపము చూపులో లేదు, పట్టులో నున్నదని నేను దీనినిబట్టి గ్రహించితిని. వంగు సాధనము క్రొత్తది గనుక మేలైనదని భ్రమించి, పాత ఉక్కు గొట్టమును బీరువాలో పడవేయుట నా దృష్టిలో పొరపాటు. నీరు తేటగా నుండి పొర పలుచగా నున్నవారికి వంగునది చాలును. పొరలు అతుకుకొనిపోయిన వారికి, మెసోథీలియోమా యను పొర క్యాన్సరు శంకించిన వారికి గట్టి చేయి కావలెను.

తీసిన ముక్కలు ఫార్మలిన్ సీసాలో పడి ప్రయోగశాలకు తరలిపోవును. లోపల మిగిలిన గాలిని, నీటిని వెలికి రాబట్టుటకై ప్రక్కలో ఒక గొట్టమును అమర్చి, ఊపిరితిత్తి మరల విచ్చుకొనువరకు రోగిని కనిపెట్టియుందురు.