బర్జిల్లయి అడిగిన మాట

డిసెంబరు వచ్చిందంటే వృద్ధాశ్రమాలకు అతిథుల తాకిడి మొదలవుతుంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ వరకు, ఆ పైన వనస్థలిపురం దాకా కాలనీల్లో అద్దె ఇళ్లలో నడిచే ఆశ్రమాల ముందు సంఘాల వ్యాన్లు ఆగుతాయి. యౌవనస్థులు గిటారుతో, సౌండ్ బాక్సుతో దిగుతారు. నాలుగు పాటలు, ఒక స్కిట్, క్రిస్మస్ తాత, కేకు, దుప్పట్లు, చివర గ్రూప్ ఫొటో. గంటన్నరలో వ్యాను వెళ్లిపోతుంది. జనవరిలో ఆ గుమ్మం తొక్కేవారు ఉండరు.

ఇది తప్పని మేము అనడం లేదు. అసలు వెళ్లనివారికంటే ఒక్కసారైనా వెళ్లినవారు నయమే. కానీ పెద్దలకు సంతోషం కలిగించాలన్న కోరిక నిజమైనదైతే, సంతోషం దేనివల్ల కలుగుతుందో వారినే అడగాలి కదా!

రెండవ సమూయేలు గ్రంథం 19వ అధ్యాయంలో బర్జిల్లయి అనే 80 ఏళ్ల వృద్ధుడు కనిపిస్తాడు. అబ్షాలోము తిరగబడినప్పుడు దావీదు మహనయీముకు పారిపోతే పరుపులు, పాత్రలు, గోధుమలు, చిక్కుడు కాయలు, తేనె, వెన్న, గొర్రెలు తెచ్చి ఆదుకున్నవారిలో ఈయన ఒకడు. తిరిగి వెళ్లేటప్పుడు రాజు ఆయనను యెరూషలేముకు రమ్మని, తన దగ్గరే ఉంచుకుని పోషిస్తానని అన్నాడు. ఆయన ఒప్పుకోలేదు. తిన్నదాని రుచి తెలియని, గాయకుల స్వరం వినిపించని ఈ వయసులో అక్కడికొచ్చి ఏం చేయనని అడిగాడు. తల్లిదండ్రుల సమాధి ఉన్న సొంత ఊళ్లోనే కన్నుమూస్తానన్నాడు.

సౌండ్ బాక్సు మోసుకెళ్లే తమ్ముళ్లు ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. వినికిడి తగ్గిన చెవికి శబ్దం పెంచితే పాట కాస్తా రొద అవుతుంది. దగ్గరగా కూర్చుని, మన ముఖం కనిపించేలా, నిదానంగా మాట్లాడితే పెదవుల కదలికను బట్టి కూడా వారు మాట పోల్చుకుంటారు. కేకు సంగతీ అంతే. షుగరున్నవారు ఎందరో, మెత్తని పదార్థం తప్ప తినలేనివారు ఎందరో ముందుగా నిర్వాహకులను అడిగి వెళ్లాలి. ఫొటో తీసే ముందు వారి అనుమతి అడగాలి. తాము ఆశ్రమంలో ఉన్నట్టు ఊళ్లో బంధువులకు తెలియకూడదనుకునే పెద్దలు కూడా ఉంటారు.

ఇంకో సంగతి. దావీదు కథలో బర్జిల్లయి ఇచ్చిన చేయి, పుచ్చుకున్న చేయి కాదు. మనమేమో ఆశ్రమంలో పెద్దలను వరుసగా కుర్చీల్లో కూర్చోబెట్టి పుచ్చుకునేవారిని చేస్తాం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే కీర్తనల పైన రాగం, తాళం అచ్చువేసి కనిపిస్తాయి. పురుషోత్తమ చౌధరిగారి (1803–1890) కీర్తనలు చిన్ననాటి నుంచి నోటికి వచ్చినవారు ఈ ఆశ్రమాల్లో ఉన్నారు. మన యూత్‌కు వాటి బాణీ తెలియదు. “అమ్మమ్మా, ఇది మాకు నేర్పవా” అని అడిగి చూడండి. మంచం దిగలేని అవ్వ కూడా చేత్తో తాళం వేస్తుంది. ఆమె చరణం మరచిపోతే పక్క మంచం మీది తాతగారు అందుకుంటారు. మనం తప్పు పాడితే ఇద్దరూ కలిసి దిద్దుతారు. మేము ఆశ్రమాల్లో చూసిన మంచి నవ్వులు ఆ దిద్దుబాటు వేళల్లో వచ్చినవే.

అక్కడున్నవారంతా మన విశ్వాసులే కారు. జీవితమంతా వ్యవసాయం చేసిన తాతను యాసంగి వరి గురించి అడగవచ్చు, ప్రార్థన చేయమంటారా అని అడిగి సరేనంటేనే చేయాలి. లేచి వెళ్లలేని మనిషికి ప్రసంగం వినిపించడం ప్రేమ అనిపించుకోదు.

నెదర్లాండ్స్‌లోని డెవెంటర్ పట్టణంలో హ్యుమానిటాస్ అనే వృద్ధుల గృహం 2012 నుంచి విద్యార్థులకు అద్దె లేకుండా గదులిచ్చింది. బదులుగా నెలకు 30 గంటలు పెద్దలకు మంచి పొరుగువారిగా మెలగమంది. మన దేశంలో 2022లో శంతను నాయుడు అనే యువకుడు రతన్ టాటా పెట్టుబడితో గుడ్‌ఫెలోస్ అనే సంస్థ పెట్టి, ముంబైలో యువతను వృద్ధులకు తోడుగా పంపాడు. అది రుసుము చెల్లించి పొందే సేవ. సంఘంలో యౌవనస్థులు ఉండగా మనకు ఆ రుసుముతో పనేముంది?

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల నిండా నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి కోచింగ్ కోసం వచ్చిన పిల్లలే. ఆదివారం సాయంత్రం ఇల్లు గుర్తొచ్చి గదిలో ముడుచుకుని పడుకునేది వీరే. 2018 సెప్టెంబరులో మెట్రో వచ్చాక చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటితే ఎల్.బి.నగర్. అక్కడ ఆశ్రమంలో పెద్దలూ ఇంటికి దూరమైనవారే. యేసు శిష్యులను పంపినట్టు ఇద్దరిద్దరుగా, నెలకు రెండు ఆదివారాలు, ప్రతిసారీ అదే అవ్వ దగ్గరికి వెళ్తే చాలు. పోయినసారి మోకాలి నొప్పి అన్నారు, తగ్గిందా అని అడిగే మనిషి ఒకరుండాలి.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, పరీక్ష రాశాక ఈ పిల్లలు గది ఖాళీ చేస్తారు. కన్నబిడ్డ రావడం మానేసిన అవ్వకు ఇది రెండో ఎడబాటు. చెప్పకుండా మాయమైతే అసలు వెళ్లకపోవడమే మేలేమో. బర్జిల్లయి తాను వెళ్లలేక తనకు బదులు కింహామును రాజు వెంట పంపాడు. యూత్ నాయకులు ఈ పని నేర్పాలి. వెళ్లిపోయేవారు చివరి రెండు మూడు ఆదివారాలు మరొకరిని వెంట తీసుకెళ్లాలి. “అవ్వా, నాకు ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల వెళ్తున్నా. ఈ చెల్లిది సూర్యాపేట, ఇకనుంచి తను వస్తుంది” అని ఎదురుగా కూర్చుని చెప్పాలి. అవ్వ కాసేపు అలగవచ్చు. ఫోన్ నంబరు అడిగితే పెద్ద పెద్ద అంకెలతో అట్టముక్క మీద రాసి దిండు కింద పెట్టి, ఫోన్ వచ్చిన రోజు ఎత్తాలి.