కావలివాడి ఇంట్లో దొంగ

పిల్లలూ! ఊళ్ళో దొంగ పడితే మీరు ఎక్కడ వెతుకుతారు? గడ్డివాము చాటునా, పాడుబడ్డ ఇంట్లోనా వెతుకుతారు. కాని ఆ దొంగ కావలివాడి ఇంట్లోనే దూరి కూర్చుంటే? ఎవరికీ అనుమానం రాదు గదా! పశువుల ఒంట్లో అచ్చంగా ఇలాగే దాగే సూక్ష్మజీవి ఒకటి ఉన్నది. దాని పేరు బ్రూసెల్లా.

అది సోకితే చూడి ఆవు నెలలు నిండకుండానే ఈసుకుపోతుంది. దూడ దక్కదు, పాలూ తగ్గుతాయి. ఒక్క పాడిపశువును నమ్ముకొని బ్రతికే ఇంటికి అది ఎంత దెబ్బ! పచ్చిపాలు త్రాగినవారికీ, ఈసుకుపోయిన పశువు మాయను వట్టి చేతులతో ముట్టినవారికీ కూడా ఈ జబ్బు అంటవచ్చు. జ్వరం, కీళ్ళనొప్పులు వారాల తరబడి పీడిస్తాయి.

1887లో మాల్టా దీవిలో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు, జ్వరంతో చనిపోయిన సిపాయిల ప్లీహంలో ఈ జాతి క్రిమిని కనిపెట్టాడు. 1897లో డెన్మార్కులో బాంగ్ అనే ఆయన, ఆవులు ఈసుకుపోవడానికి కారణమైన క్రిమిని పట్టుకున్నాడు. ఈ రెండూ దగ్గర చుట్టాలేనని 1918లో అమెరికాలో ఆలిస్ ఈవాన్స్ అనే శాస్త్రజ్ఞురాలు చూపింది.

మన రక్తంలోనూ, ప్లీహంలోనూ కావలి కాసే కణాలు ఉంటాయి. క్రిమి కనబడితే చాలు, మింగి చంపుతాయి. బ్రూసెల్లా మాత్రం మింగబడి కూడా చావదు. ఆ కణం లోపలే కాపురం పెట్టి పిల్లలను పెడుతుంది!

మరి ఈ దొంగను పట్టేదెవరు? ఆ సంగతి చాలావరకు తెల్ల చిట్టెలుకలే చెప్పాయి. ఎలుకలే ఎందుకని అడుగుతారేమో. ఆవు ఈనడానికి తొమ్మిది నెలలు పైగా పడుతుంది. చిట్టెలుకకు మూడు వారాలు చాలు. చిన్న పెట్టెలో ఎన్నో ఎలుకలను పెంచవచ్చు.

శాస్త్రజ్ఞులు కొన్ని ఎలుకలకు టీకా వేస్తారు, కొన్నింటికి వేయరు. తరువాత అన్నింటికీ క్రిమిని ఎక్కిస్తారు. కొన్ని వారాలకు ప్లీహంలో ఎన్ని క్రిములు మిగిలాయో లెక్కిస్తారు. టీకా పనిచేస్తే, అది పొందిన ఎలుకల్లో లెక్క బాగా తగ్గుతుంది. అక్కడ టి-కణాలనే మరో దళం ఇంటర్ఫెరాన్ గామా అనే పదార్థాన్ని విడుదల చేస్తుంది. అది "నీ ఇంట్లోనే దొంగ ఉన్నాడు, లే!" అని కావలి కణాన్ని తట్టి లేపినట్టు పనిచేస్తుంది. ఆ పదార్థం తయారుకాని ఎలుకలు ఈ జబ్బుకు తట్టుకోలేకపోయాయి.

అయితే ఎలుక ఆవు కాదు. ఎలుకలో ఫలించినదాన్ని పశువులలో కూడా పరీక్షించిన తరువాతే నమ్మాలి.

ఆవుల టీకా కథ మరీ చిత్రం. 1923లో అమెరికాలో బక్ అనే ఆయన ఒక జెర్సీ ఆవు పాలనుండి తీసిన క్రిములు ఏడాదికి పైగా గదిలోనే ఉండిపోయి ఉగ్రత కోల్పోయాయి. వాటినుండే ఎస్-19 అనే టీకా వచ్చింది.

మన దేశంలో 4 నుండి 8 నెలల వయసున్న ఆడదూడలకు ఈ జబ్బు రాకుండా టీకా వేస్తారు. జీవితంలో ఒక్కసారి చాలు. మీ ఇంట పెయ్యదూడ ఉంటే, అది పుట్టిన తేదీని గోడమీద వ్రాసిపెట్టండి. నాలుగో నెల నిండగానే నాన్నగారితో చెప్పి పశువైద్యుణ్ణి పిలిపించండి. పాలు బాగా కాచి త్రాగండి. ఇన్ని సంగతులు నేర్పడానికి ప్రాణాలిచ్చిన చిట్టెలుకలను కూడా ఒక్కసారి తలచుకోండి.