ఓమ్ నియమం

ఓమ్ నియమం విద్యుత్ వలయాలలో వోల్టేజి, విద్యుత్ ప్రవాహం (కరెంటు), నిరోధం అనే మూడు రాశుల మధ్య గల సంబంధాన్ని తెలిపే భౌతిక శాస్త్ర నియమం. దీని ప్రకారం, ఉష్ణోగ్రత స్థిరంగా ఉన్నప్పుడు ఒక లోహ వాహకం గుండా పోయే విద్యుత్ ప్రవాహం, ఆ వాహకపు రెండు కొనల మధ్య గల వోల్టేజికి అనులోమానుపాతంలో ఉంటుంది. జర్మన్ శాస్త్రవేత్త జార్జ్ సైమన్ ఓమ్ (1789-1854) దీనిని 1827లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. గోదావరి డెల్టాలో పంపుసెట్లకు, చేపల, రొయ్యల చెరువులకు విద్యుత్తు నందించే లైన్ల శివారున వోల్టేజి ఎందుకు తగ్గుతుందో ఈ నియమం వలన తెలుస్తుంది.

సూత్రం

వోల్టేజి = ప్రవాహం × నిరోధం

వోల్టేజిని వోల్టులలోను, ప్రవాహాన్ని ఆంపియర్లలోను, నిరోధాన్ని ఓమ్‌లలోను కొలుస్తారు. ఉదాహరణకు 230 వోల్టుల వద్ద 1000 వాట్లు తీసుకొనే ఇస్త్రీ పెట్టెలో ప్రవాహం సుమారు 4.35 ఆంపియర్లు. కనుక వేడెక్కిన దాని తీగ నిరోధం సుమారు 53 ఓమ్‌లు.

కాలువతో పోలిక

ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847-1852 మధ్య నిర్మించిన ఆనకట్ట గోదావరి నీటిమట్టాన్ని ఎత్తి డెల్టా కాలువలలోకి మళ్ళించింది. నీరు పల్లానికి పారుతుంది. రెండు చోట్ల మధ్య ఉన్న మట్టాల తేడా వోల్టేజి వంటిది. సెకనుకు పారే నీటి పరిమాణం విద్యుత్ ప్రవాహం వంటిది. కాలువ ఇరుకుదనం, పూడిక, గుర్రపుడెక్క నిరోధం వంటివి.

అయితే ఈ పోలికకు హద్దు ఉంది. కాలువ నీరు దారిలో చేలకు ఖర్చవుతుంది. విద్యుత్ ప్రవాహం అలా ఖర్చు కాదు. ఒక తీగలో ఎంత వెళ్ళిందో రెండవ తీగలో అంతే తిరిగి వస్తుంది. దారి పొడవునా తరిగేది వోల్టేజి.

లైను శివారున వోల్టేజి

తీగ నిరోధం దాని పొడవుకు అనులోమానుపాతంలోను, మధ్యచ్ఛేద వైశాల్యానికి విలోమానుపాతంలోను ఉంటుంది. 20 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగకు కిలోమీటరుకు సుమారు 1.4 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మరు నుండి అర కిలోమీటరు దూరాన ఉన్న చోటికి, పోవడానికి, రావడానికి కలిపి ఒక కిలోమీటరు తీగ కావాలి.

ఆ శివారున 10 ఆంపియర్లు వాడితే తీగలోనే 14 వోల్టులు పోయి 216 వోల్టులు మిగులుతాయి. 30 ఆంపియర్లు వాడితే 42 వోల్టులు పోయి 188 మాత్రమే మిగులుతాయి. పరికరాలను సమాంతరంగా కలుపుతారు కనుక, ఒక్కొక్కటి చేరిన కొద్దీ మొత్తం నిరోధం తగ్గి లైనులో ప్రవాహం పెరుగుతుంది. అందుచేత అందరూ ఒకేసారి మోటార్లు వేసినప్పుడు శివారు వారికి వోల్టేజి బాగా పడిపోతుంది. 188 వోల్టుల వద్ద పై ఇస్త్రీ పెట్టె ఇచ్చే వేడి మూడింట రెండు వంతులే.

తీగలో వేడిగా వృథా అయ్యే శక్తి ప్రవాహపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 10 ఆంపియర్లకు 140 వాట్లు పోతే, 30 ఆంపియర్లకు 1260 వాట్లు పోతాయి.

పరిష్కారం

లావు తీగ వేస్తే నిరోధం తగ్గుతుంది. అంతకంటే మేలైన మార్గం వోల్టేజిని పెంచి ప్రవాహాన్ని తగ్గించడం. 230 వోల్టుల వద్ద 30 ఆంపియర్లతో పంపే శక్తిని 11,000 వోల్టుల వద్ద పంపితే 0.63 ఆంపియరు చాలు. అదే తీగలో నష్టం ఒక వాటు కంటే తక్కువ. అధిక వోల్టేజి పంపిణీ వ్యవస్థలో 11 కిలోవోల్టుల లైనును పొలాల దాకా తెచ్చి, కొద్ది పంపుసెట్లకొక చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టడం ఇందుకే.

నియమానికి పరిమితులు

డయోడ్లు, ఎల్‌ఈడీ దీపాలు ఈ నియమాన్ని పాటించవు. మోటార్ల విషయంలో ఈ సూత్రాన్ని యథాతథంగా వర్తింపజేయరాదు. ఇండక్షన్ మోటారు మీద బరువు మారకుండా వోల్టేజి తగ్గితే, అది తీసుకొనే ప్రవాహం సాధారణంగా తగ్గదు, పెరుగుతుంది. దానితో చుట్ట వేడెక్కుతుంది, ఫ్యూజు పోతుంది. ఫ్యూజు బదులు లావు తీగ చుడితే రక్షణ పోయి చుట్టే కాలిపోతుంది. భీమవరం పరిసరాల రొయ్యల చెరువులలో నీటికి గాలినందించే ఏరియేటర్లు రాత్రివేళ ఇలా ఆగిపోతే, నీటిలో కరిగిన ఆక్సిజన్ తగ్గి రొయ్యలు చనిపోయే ప్రమాదం ఉంది.

మానవ శరీరానికి కూడా నిరోధం ఉంటుంది. చర్మం తడిస్తే అది బాగా తగ్గి, అదే వోల్టేజికి ఎక్కువ ప్రవాహం శరీరం గుండా పోతుంది. తడి చేతులతో, నీటిలో నిలబడి స్టార్టరును తాకరాదనడానికి కారణం ఇదే.