మాత్ర మింగిన తరువాత

షాబాన్ నెల ముగింపుకు వచ్చేసరికి మన ఇండ్లలో మందుల డబ్బా దగ్గర ఒక లెక్క మొదలవుతుంది. మూడు పూటల మాత్రలను సహరీ, ఇఫ్తార్ అనే రెండు పూటలకు ఎలా సర్దాలి? మధ్యాహ్నపు మాత్రను ఇఫ్తార్ మాత్రతో కలిపి వేసుకుంటే సరిపోతుందని పెద్దలు తేల్చేస్తారు. కాగితం మీద సరిపోయే ఆ లెక్క శరీరంలో ఎందుకు తప్పుతుందో తెలియాలంటే, మింగిన మాత్ర ఏమవుతుందో చూడాలి.

ప్రేగుల్లో రక్తంలోకి చేరిన మందు దేహమంతటా వ్యాపించక ముందే ఒక పెద్ద సిర ద్వారా కాలేయానికి వెళుతుంది. అది మందో విషమో కాలేయానికి పట్టదు. బయటికి పంపవలసిన పదార్థంగానే దానిని చూస్తుంది. అక్కడి ఎంజైములు, ముఖ్యంగా సైటోక్రోమ్ పి450 కుటుంబానికి చెందినవి, దాని రసాయన రూపాన్ని మారుస్తాయి. మరికొన్ని ఎంజైములు దానికి వేరొక పదార్థాన్ని జతచేసి నీటిలో కరిగేలా చేస్తాయి. అప్పుడది మూత్రంలోనో పైత్యరసంలోనో కలిసి వెళ్లిపోతుంది. దేహం స్వయంగా తయారు చేసుకునే ఈస్ట్రోజెన్, కార్టిసాల్ వంటి హార్మోన్లు పని ముగిశాక పోయేదీ ఈ దారినే. కూరగాయల మీద మిగిలిన పురుగుమందుల అవశేషాలలో చాలావాటిదీ ఇదే దారి. ఇన్ని పనులను సృష్టికర్త ఒక్క అవయవానికి అప్పగించాడు.

ఈ పనికి ఒక వేగం ఉంది. రక్తంలోని మందు సగానికి తగ్గడానికి పట్టే కాలాన్ని అర్ధాయువు అంటారు. పారాసిటమాల్‌కు అది సుమారు 2 నుండి 3 గంటలు. థైరాయిడ్ రోగులు వాడే లెవోథైరాక్సిన్‌కు సుమారు 7 రోజులు. అందుకే రెండవది రోజుకు ఒక్కసారి చాలు. ఖాళీ కడుపుతో వేసుకోవాలన్న నియమం పాటిస్తే రమజాన్‌లో దానితో పెద్ద చిక్కు లేదు. మూడు పూటలు రాసిన మందు సాధారణంగా త్వరగా ఖర్చయ్యేది. రెండు మోతాదులు ఒకేసారి వేసుకుంటే కొన్ని గంటలు అది అవసరానికి మించి ఉంటుంది, ఆపై చాలనంతగా తగ్గిపోతుంది. ఇబ్నె సీనా సుమారు వెయ్యేళ్ల క్రితమే, మందును పరీక్షించేవారు దాని ప్రభావం కనబడే సమయాన్ని గమనించాలని ‘అల్ ఖానూన్’లో నియమం పెట్టాడు.

అన్నిటికంటే చనువుగా వాడే పారాసిటమాల్ సంగతి కొంత వివరంగా చెప్పుకోవాలి. దానిలో అధిక భాగాన్ని కాలేయం నిరపాయంగా మార్చేస్తుంది. కొద్ది భాగం మాత్రం విషపదార్థమవుతుంది. గ్లూటాథయోన్ అనే మరొక పదార్థం ఆ విషాన్ని వెంటనే విరిచేస్తుంది. మోతాదు మించితే గ్లూటాథయోన్ చాలదు. విషం కాలేయ కణాలనే దెబ్బతీస్తుంది. సరైన తిండి లేక చిక్కిపోయినవారిలో, మద్యానికి అలవాటుపడినవారిలో ఈ నిల్వ ముందే తక్కువ. ఆరోగ్యవంతులైన పెద్దలకు 24 గంటల్లో 4 గ్రాములు గరిష్ఠ పరిమితి. బలహీనులకు అంతకంటే తక్కువ. ఇఫ్తార్ తరువాత తలనొప్పికి 650 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, తరావీహ్ నుండి వచ్చి జలుబు మాత్ర మరొకటి వేసుకునేవారు ఆ రెండవ అట్ట మీది పేర్లు చదవాలి. జలుబు మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్ ఉంటుంది. మోతాదు మించినా మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియకపోవచ్చు. కాలేయం దెబ్బతిన్న లక్షణాలు రెండు మూడు రోజులకు బయటపడతాయి. విరుగుడైన అసిటైల్‌సిస్టీన్ మొదటి 8 గంటల్లో ఇస్తే బాగా పనిచేస్తుంది. కనుక లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మధుమేహ రోగులది మరింత సున్నితమైన సమస్య. గ్లిమెపిరైడ్ ప్రభావం దాదాపు రోజంతా ఉంటుంది. ఉదయం వేసుకునే మోతాదునే సహరీలో వేసుకొని పగలంతా తినకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వైద్యులు సాధారణంగా దానిని ఇఫ్తార్‌కు మారుస్తారు, అవసరమైతే తగ్గిస్తారు. మెట్‌ఫార్మిన్ జోలికి కాలేయం పోదు. మూత్రపిండాలు దానిని ఉన్నదున్నట్టుగా బయటికి పంపుతాయి. మూత్రపిండాలు మందగించిన వృద్ధులలో అది పేరుకుపోతుంది. తాతగారి మాత్రే కదా అని నానీకి ఇచ్చే అలవాటు మన ఇండ్లలో పోవాలి.

ఒక మందు మరొకదాని వేగాన్ని కూడా మార్చగలదు. క్షయకు వాడే రిఫాంపిసిన్ కాలేయ ఎంజైములను ఉత్తేజపరుస్తుంది. గర్భనిరోధక మాత్రల్లోని హార్మోన్లు ముందుగానే ఖర్చయి, అవి విఫలం కావచ్చు. క్షయ చికిత్సలో ఉన్న ఇల్లాలు ఈ విషయం వైద్యురాలికి సిగ్గుపడక చెప్పాలి.

వ్యాధిగ్రస్తులు ఇతర దినాలలో లెక్క పూర్తి చేసుకోవచ్చన్న అనుమతి అల్ బఖరా సూరాలోనే ఉంది. స్వస్థత ఆశ లేనివారి ఫిద్యా గురించి ఆలిములు చెబుతారు. అయినా కొందరు ఆ సడలింపును అవమానంగా భావించి, మందు మానేసి ఉపవాసం ఉంటారు. అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యాన్ని తిరస్కరించడం దైవభీతి ఎలా అవుతుందో మాకు అర్థం కాదు.

వైద్యులు అనుమతించిన మధుమేహ రోగులు సైతం పగటిపూట చక్కెర పరీక్షించుకోవాలి. 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ, పరీక్ష కోసం రక్తం తీయడం వల్ల, పోషకాలు లేని ఇంజెక్షన్ల వల్ల ఉపవాసం భంగం కాదని తీర్మానించింది. చక్కెర 70 కంటే తగ్గితే మాత్రం మగ్రిబ్‌కు పది నిమిషాలే ఉన్నా సరే, వెంటనే తీపి పానీయం తాగి ఉపవాసం విరమించాలి.