సాఫ్ట్‌బాల్: మూడు సెకన్లలో తేలే ఆట

కృష్ణానగర్ సందుల్లో పెరిగే పిల్లలకు క్రికెట్ ఎవరూ నేర్పనక్కర్లేదు. సాఫ్ట్‌బాల్ సంగతి వేరు. అది ఎక్కువమందికి బడిలోనే, పీఈటీ సారు చెబితేనే తెలుస్తుంది. అందుకే, బ్యాట్ గట్టిగా ఊపేవాళ్లుంటే రాష్ట్ర స్థాయిలో గెలవచ్చని చాలా బడులు అనుకుంటాయి. లెక్క వేసి చూస్తే గెలుపు వేరే చోట ఉంది.

బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ నుంచి ఫస్ట్ బేస్‌కు దూరం 18.29 మీటర్లు. చురుకైన హైస్కూలు అమ్మాయి ఆ దూరాన్ని సుమారు మూడు సెకన్లలో దాటేస్తుంది. ఆమె కన్నా ముందు బంతి అక్కడికి చేరితేనే ఔట్. బంతి నేల మీద దూసుకుంటూ షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) చేతికి చేరడానికి 1.2 సెకన్లు పట్టిందనుకుందాం. అక్కణ్నుంచి ఫస్ట్ బేస్ దాదాపు 22 మీటర్లు. గంటకు 70 కిలోమీటర్ల వేగంతో విసిరినా ఇంకో 1.1 సెకన్లు పోతాయి. ఇక మిగిలేది 0.7 సెకను. బంతిని గ్లవ్‌లోంచి తీయడం, కాలు సర్దుకోవడం, గురి చూడడం అంతా అందులోనే జరగాలి. గ్లవ్‌లో బంతి ఒక్కసారి తడబడితే చాలు, రన్నర్ బేస్ మీద ఉంటుంది. చాలా మ్యాచ్‌లు పోయేది ఇలాగే.

రెండో లెక్క బంతి వేసే పిచర్‌ది. అమ్మాయిల ఆటలో పిచర్ నిలబడేది 13.11 మీటర్ల దూరంలో. ముందుకు అడుగు వేసి వదులుతుంది కాబట్టి బంతి ప్రయాణించేది పదకొండు మీటర్ల పైచిలుకే. 80 కిలోమీటర్ల వేగమైనా అర సెకనులో వచ్చేస్తుంది. క్రికెట్‌లో అంత తక్కువ వ్యవధి ఇవ్వాలంటే బౌలర్ సుమారు 125 కిలోమీటర్ల వేగంతో వేయాలి! పిచర్ బంతికి ఆ వేగం ఒక్క భుజం బలంతో రాదు. వెనక కాలు నేలను తన్నిన తోపు నడుముకు, నడుము నుంచి చేతికి, చివరికి మణికట్టుకు చేరుతుంది.

సాఫ్ట్‌బాల్ పిచర్ చేతిని కింది నుంచి తిప్పి వేస్తుంది కాబట్టి భుజానికి శ్రమ ఉండదన్న నమ్మకం మాత్రం తప్పు. పై నుంచి విసిరే బేస్‌బాల్ పిచర్ భుజం మీద పడేంత భారం ఇక్కడా పడుతుందని పరిశోధనలు చూపించాయి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జపాన్ పిచర్ యుకికో ఉయెనో రెండు రోజుల్లో మూడు మ్యాచ్‌లాడి 413 బంతులు వేసి దేశానికి స్వర్ణం తెచ్చింది. అది గొప్ప సాహసం. పదిహేనేళ్ల పిల్లతో మాత్రం అలా చేయించకూడదు. మంచి జట్టుకు కనీసం ఇద్దరు పిచర్లుండాలి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. స్కూల్ గేమ్స్ రాష్ట్ర పోటీల్లో ఆడేది ఒకే బడి జట్టు కాదు, వేర్వేరు బడుల నుంచి ఎంపికైన జిల్లా జట్టు. షార్ట్‌స్టాప్ ఒక బడి, ఫస్ట్ బేస్ ఇంకో బడి. ఒకరి విసురు ఎంత ఎత్తులో వస్తుందో ఇంకొకరికి తెలియకపోతే ఆ 0.7 సెకను ఎలా చాలుతుంది? ఏడాది పొడవునా కలిసి సాధన చేసే చోట ఈ చిక్కు ఉండదు. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ పల్లె పిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పించడం నాకు ఎంతో విలువైన పనిగా కనిపిస్తుంది.

కృష్ణానగర్‌లో పెద్ద మైదానం దొరకడం కష్టమే. కానీ ఈ ఆట 1887లో చికాగోలో పుట్టింది నాలుగు గోడల మధ్యే. పట్టి విసరడం సాధన చేయడానికి పాతిక మీటర్ల జాగా, రెండు గ్లవ్‌లు, ఒక బంతి చాలు. పీఈటీ సార్లకు, మేడమ్‌లకు నా విన్నపం ఒక్కటే: ఎంపికలయ్యేదాకా ఆగకండి, పక్క బడి పిల్లలను ఇప్పుడే పిలిచి మీ పిల్లలతో కలిపి ఆడించండి.