గిన్నెలు తోమే స్పాంజ్‌ని ఎన్నాళ్లు వాడొచ్చు?

ఈరోజు టాపిక్ వింటే నవ్వుతారేమో. కొత్త ఫోన్ గురించి కాదు, యాప్ గురించి కాదు. సింక్ పక్కన ఒకవైపు పసుపు, ఇంకోవైపు ఆకుపచ్చ రంగులో తడితడిగా పడి ఉంటుంది చూశారా, ఆ స్పాంజ్ గురించి.

ఇది మా ఇంట్లో గొడవతో మొదలైంది. హైదరాబాద్‌లో జాబ్ మానేసి నరసరావుపేట వచ్చిన కొత్తలో, నెట్‌లో ఏదో చదివి అమ్మ వాడే స్పాంజ్ తీసి చెత్తబుట్టలో వేశా. "నిక్షేపంగా ఉన్నదాన్ని పారేస్తావేందిరా? వేణ్ణీళ్లలో ఉడకేస్తే కొత్తదైపోద్ది" అంది. జర్మనీలో సైంటిస్టులు చెప్పారమ్మా అన్నా. "అయితే ఆ జర్మనీ వాళ్లనే వచ్చి అంట్లు తోమమను" అంది. సరే, ఎవరు కరెక్టో తేలుద్దామని కూర్చున్నా. తేలిందేంటంటే, ఇద్దరం సగం సగమే కరెక్ట్.

ముందు నా సగం. 2017లో జర్మనీలోని ఫుర్ట్‌వాంగెన్ యూనివర్సిటీ వాళ్లు ఇళ్లల్లో వాడేసిన 14 స్పాంజ్‌లని టెస్ట్ చేశారు. వాటిలో 362 రకాల బాక్టీరియా కనిపించింది. కొన్నిచోట్ల ఒక్క క్యూబిక్ సెంటీమీటర్‌లో, అంటే బొటనవేలి కొన అంత ముక్కలో, 5,000 కోట్లకు పైగా ఉన్నాయి. కంగారు పడకండి, బాక్టీరియాలో చాలా వరకు మనల్ని ఏమీ చేయవు. నాకు షాక్ ఇచ్చింది వేరే పాయింట్. "మేం రెగ్యులర్‌గా క్లీన్ చేస్తాం" అన్నవాళ్ల స్పాంజ్‌లలో కూడా బాక్టీరియా ఏమీ తక్కువ లేదు.

ఇప్పుడు అమ్మ సగం. 2007లో అమెరికా వ్యవసాయ శాఖ సైంటిస్టులు తడి స్పాంజ్‌ని ఒక్క నిమిషం మైక్రోవేవ్‌లో పెట్టి చూస్తే 99.99999 శాతం బాక్టీరియా చచ్చిపోయింది. అంటే వేడి పనిచేస్తుంది. మరి క్లీన్ చేసినవాళ్ల స్పాంజ్‌లు ఎందుకలా ఉన్నాయి?

ఇక్కడ మన బీటెక్ లెక్క పనికొస్తుంది. తడి, వెచ్చదనం, తిండి అన్నీ బాగా దొరికితే కొన్ని బాక్టీరియా 20 నిమిషాలకోసారి రెట్టింపు అవుతాయి. రాత్రి 10 గంటలకి మీరు స్పాంజ్‌ని క్లీన్ చేశారు, 99.9 శాతం పోయాయి అనుకుందాం. అంటే వెయ్యికి ఒకటి మిగిలింది. ఒకటి మళ్లీ వెయ్యి అవ్వాలంటే పదిసార్లు రెట్టింపైతే చాలు, రెండు పవర్ పది 1,024 కదా. పది ఇంటూ ఇరవై, 200 నిమిషాలు. అంటే మీరు నిద్రలో ఉండగానే, రాత్రి 1:20కి కౌంట్ మళ్లీ మొదటికొచ్చేస్తుంది. నిజం స్పాంజ్‌లో ఇంత స్పీడ్ ఉండకపోవచ్చు, కానీ దారి మాత్రం ఇదే.

కాబట్టి అసలు ప్రశ్న ఎన్ని చంపాం అన్నది కాదు, ఆ తర్వాత స్పాంజ్ ఎంతసేపు తడిగా ఉంది అన్నది. నీళ్లు లేకపోతే అవి పెరగలేవు. ఉడకేసిన స్పాంజ్‌ని మళ్లీ సబ్బు నీళ్ల డబ్బాలో పడేస్తే ఆ ఉడకేసింది వేస్ట్. మా ఇంట్లో జరిగేది సరిగ్గా అదే.

మరి ఏం చేయాలి?

తోమడం అయ్యాక మెతుకులు పోయేలా కడిగి, గట్టిగా పిండి, గాలి తగిలేలా నిలబెట్టండి లేదా క్లిప్పుకి తగిలించండి. రెండు స్పాంజ్‌లు పెట్టుకోండి. ఒకటి డ్యూటీలో ఉంటే ఇంకోటి ఎండలో ఉంటుంది, లోడ్ బ్యాలెన్సింగ్ అన్నమాట. మనది రెంటచింతల ఉన్న జిల్లా అండీ! ఎండాకాలంలో డాబా మీద నాపరాళ్ల గట్టున పెడితే చూస్తుండగానే ఎండిపోద్ది. వానాకాలం అయితే ఫ్యాన్ కింద పెట్టండి.

రెండ్రోజులకోసారి పాత గిన్నెలో ఐదు నిమిషాలు మరగనివ్వండి. మైక్రోవేవ్ ఉంటే స్పాంజ్ బాగా తడిగా ఉన్నప్పుడే ఒకటి రెండు నిమిషాలు పెట్టాలి. పొడిది పెడితే అంటుకుంటుంది. స్టీల్ పీచు మాత్రం అస్సలు పెట్టొద్దు. బయటికి తీశాక చల్లారేదాకా ముట్టుకోకండి. బ్లీచ్ వాడేవాళ్లు అందులో నిమ్మరసం, వెనిగర్, బాత్‌రూమ్ యాసిడ్ లాంటివేవీ కలపకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. అది ప్రమాదం.

ఇంకొక్క మాట, ఇదే అన్నిటికంటే ముఖ్యం. ఆదివారం పచ్చి చికెన్ కడిగిన గిన్నెని, పాప పాలసీసాని ఒకే స్పాంజ్‌తో తోమకండి. పచ్చి కోడిమాంసంలో సాల్మొనెల్లా లాంటివి ఉండొచ్చు. మనకి రెండ్రోజుల విరేచనాలతో పోయేది చంటిపిల్లలకి, ముసలివాళ్లకి హాస్పిటల్ దాకా వెళ్లొచ్చు. మాంసం గిన్నెలకి పాత స్పాంజ్ వాడి, అక్కడితో దాన్ని పారేయండి.

ఎప్పుడు మార్చాలి? ఆ జర్మనీ వాళ్లు వారానికోసారి అన్నారు. నేనైతే ఇలా చెప్తా: ఉడకేసి ఎండబెట్టినా ముక్క వాసన వస్తుంటే, చేతికి జిగటగా తగిలితే, ముక్కలు ఊడుతుంటే ఇక వంటింట్లోంచి రిటైర్. ఒక మూల కత్తిరించి బైక్ కడగడానికి పెట్టుకోండి. మూల తెగిందంటే మళ్లీ సింక్ దగ్గరికి రాకూడదు, అదే గుర్తు.

ఇంతకీ మా నానమ్మ స్పాంజే చూడలేదు. కొబ్బరి పీచు, ఎండిన నేతిబీర పీచుతో తోమేది. ఆ పీచులో నీళ్లు నిలవవు, తొందరగా ఆరిపోద్ది, పారేస్తే మట్టిలో కలిసిపోద్ది. మన స్పాంజ్ ప్లాస్టిక్, కలవదు.

ఇప్పుడు మా ఇంట్లో రాజీ కుదిరింది. అమ్మ ఉడకేస్తుంది, నేను డాబా మీద ఆరేస్తా. ఈ వీడియో అయిపోగానే ఒక పని చేయండి. హాస్టల్ అయినా, బ్యాచిలర్ రూమ్ అయినా, ఇల్లయినా, లేచి వెళ్లి మీ స్పాంజ్‌ని ఒకసారి వాసన చూడండి. తర్వాత ఏం చేయాలో మీకే తెలుస్తుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండీ.